పసుపులో నీలం

ఈ రోజు అనువాదం ముందుకు కదల్లేదు. ‘మెడల్’ అనే ఇంగ్లిష్ క్రియ దగ్గర ఆగిపోయాను. పతకం మెడల్ కాదు, పక్కవాళ్ల వ్యవహారంలో వేలు పెట్టే మెడల్. పలకడంలో రెండూ ఒకటే, చుట్టరికం మాత్రం లేదు. జోక్యం చేసుకోవడం అని రాస్తే పేపర్లో వార్తలా ఉంది. తలదూర్చడం అంటే కోపం కాస్త ఎక్కువైంది.

బల్లకి అటువైపు మా అమ్మాయి వాటర్ కలర్స్‌తో బొమ్మ వేస్తోంది. చెట్టుకి ఇంకా ఆకులు వేయలేదు, పచ్చరంగు బిళ్ల అయిపోయింది. నన్నేమీ అడగలేదు. నేనే బ్రష్ తీసుకుని నీలంలో ముంచి, పసుపు బిళ్ల మీద గుండ్రంగా తిప్పాను. ముందు సన్నటి చార, తర్వాత బిళ్లంతా పచ్చ. చూడు, ఎంత బాగా వచ్చిందో అన్నాను. దాని మొహం చూశాక తెలిసింది, ఆ పసుపు సూర్యుడి కోసం దాచుకుందట.

“నిన్నెవరు కలపమన్నారు నాన్నా?”

నోరు మూసుకుని నిఘంటువు తెరిచాను. చూస్తే ఆ మాట పుట్టిందే కలపడం నుంచి! లాటిన్‌లో కలపడాన్ని ‘మిస్కేరే’ అంటారు. అది పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చింది. 14వ శతాబ్దం మొదట్లో దానికి కలపడం అనే అర్థమే. ఆ శతాబ్దం చివరికల్లా తనకి సంబంధం లేని దాంట్లో దూరడం అనే అర్థం కూడా వచ్చి చేరింది. పాత అర్థం తర్వాత వాడుకలోంచి జారిపోయింది. నాలుగు రకాల ఈతలు కలిపే మెడ్లీ పోటీ ఉంది కదా, ఆ మెడ్లీ దీని తోబుట్టువే. అక్కడ కలిపితే ఎవరూ ఏమీ అనరు.

క్రికెట్ వల్ల మనకి బాగా తెలిసిన ట్యాంపరింగ్‌దీ ఇలాంటి కథే. ‘ట్యాంపర్’ అంటే మొదట బంకమట్టిని నీళ్లతో కలిపి పదును చేయడం. కలిపే చెయ్యి ఎక్కడా కుదురుగా ఉండదు కాబోలు.

మన ‘కెలకడం’ గుర్తొచ్చింది. అడుగున పేరుకున్నదాన్ని పైకి తేవడం, ఊరుకున్నవాళ్లని రెచ్చగొట్టడం, రెండూ అందులోనే ఉన్నాయి. పేజీలో అదే రాశాను.

తడి టిష్యూతో పైపైన తుడిస్తే కింద పసుపు ఉంటుందేమోనని లేచాను. మా అమ్మాయి రంగుల పెట్టె తన వైపుకి లాక్కుంది.