“ఏ పచ్చ?” అని అడిగిన డాక్టరు

నేను మహబూబ్‌నగర్‌లో బ్లౌజులు కుడతాను. పదహారేళ్ళ నుంచి ఇదే పని. ఎవరైనా వచ్చి “అక్కా, పచ్చ లైనింగ్ వెయ్యి” అంటే “ఏ పచ్చ?” అని అడగనిదే గుడ్డ కొయ్యను. చిలకపచ్చా, పసుపుపచ్చా, ముదురాకు రంగా? మనం పసుపునూ పచ్చ అంటాం, ఆకునూ పచ్చ అంటాం. జాకెట్టయితే విప్పి మళ్ళీ కుట్టొచ్చు. మా తమ్ముడి కొడుకు విషయంలో మాత్రం ఆ ఒక్క మాట దగ్గర మాకు ఏడెనిమిది గంటలు పోయాయి.

మా మరదలికి అది రెండో కాన్పు. తమ్ముడు పుణెలో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. ఇక్కడే ఒక ప్రైవేట్ నర్సింగ్ హోమ్‌లో ఆపరేషన్ చేసి బాబును తీశారు. బరువు రెండు కిలోల ఎనిమిది వందలు. మొదటి రోజు పాలు బాగానే తాగాడు, నల్లటి మొదటి మలం కూడా పోయాడు. రాత్రుళ్ళు మా అమ్మ దగ్గరుంది.

మూడో రోజు తెల్లవారుజామున మూడింటికి బాబు కక్కాడు. “సిస్టర్, పచ్చగ కక్కిండు” అని అమ్మ చెప్పింది. “ముర్రుపాలు అట్లనే పచ్చగ ఉంటయమ్మా, భుజం మీద ఏసుకొని తేన్పు తియ్యి” అని సిస్టర్ చెప్పింది. ముర్రుపాలు నిజంగానే పసుపుపచ్చగా ఉంటాయి. అమ్మ చెప్పిన పచ్చ వేరు, ఆమె విన్న పచ్చ వేరు.

ఎనిమిదింటికి నేను టిఫిన్ తీసుకుని వెళ్ళాను. మంచం కింద ఉతకడానికి చుట్టిపెట్టిన పాత పంచె ముక్క కనబడితే విప్పాను. గోరింటాకు రుబ్బిన రోలు కడిగితే వచ్చే నీళ్ళ రంగు. అరచేయంత మరక, అంచున ఇంకా ముదురుగా ఆరిపోయి ఉంది. పాల విరుగు ఒక్క పలుకు కూడా లేదు. ఎందుకో దాన్ని ఉతకబుద్ధి కాలేదు. మడిచి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాను.

తొమ్మిదిన్నరకు డాక్టరు వచ్చి, పొట్ట నొక్కి చూసి ఎక్స్‌రే తీయించారు. గ్యాస్ ఉందన్నారు. మలం పోయాడు కాబట్టి పేగులో అడ్డం ఉండదని, సాయంత్రం దాకా చూద్దామని చెప్పారు. పొట్ట కూడా ఉబ్బలేదు, మెత్తగానే ఉంది. మాకూ ధైర్యం వచ్చింది. ఆ రెండు గుర్తులనూ నమ్మకూడదని తర్వాత తెలిసింది. మొదటి మలం తల్లి కడుపులో ఉన్నప్పుడే పేగుల్లో తయారై ఉంటుంది. పైన అడ్డం పడినా, కింద ఉన్నది బయటికి రావచ్చు. అడ్డం పైభాగంలో ఉంటే పొట్ట ఉబ్బాలని కూడా ఏమీ లేదు, లోపలున్నదంతా వాంతిలో పోతుంటే ఎట్లా ఉబ్బుతుంది?

పదిన్నరకు మళ్ళీ కక్కాడు. ఈసారి తెల్లగుడ్డలో పట్టి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో చూశాను. అదే ఆకుపచ్చ. బాబు ఏడుపు సన్నబడింది, కాళ్ళు పొట్టకు ముడుచుకుంటున్నాడు. జిల్లా ఆసుపత్రికి పోదామంటే అమ్మ భయపడింది, “మూడొద్దుల పోరణ్ణి ఎండల తిప్పుతవా?” అని. ఎక్స్‌రే ఫిల్మూ, రెండు గుడ్డలూ, బాబునూ పట్టుకుని ఆటో ఎక్కాను.

నవజాత శిశువుల వార్డులో డాక్టరు పేరు కూడా అడగలేదు. వాంతి ఏ రంగు అన్నదే ఆయన మొదటి మాట. వెనకే వచ్చిన అమ్మ మళ్ళీ “పచ్చగ” అంది. “ఏ పచ్చమ్మా? పసుపా, ఆకా?”

నేను గుడ్డ విప్పి చూపించాను. ఆయన సిస్టర్ వైపు తిరిగి పాలు ఆపమన్నారు. ముక్కులోంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేసి సిరంజితో లాగితే గుడ్డ మీదున్న రంగే గొట్టంలోకి ఎక్కింది. చేతికి సెలైన్ పెడుతూనే నాకు అర్థమయ్యేట్టు చెప్పారు. కాలేయం నుంచి వచ్చే పైత్యరసం పొట్ట దాటాక పేగు మొదట్లో కలుస్తుంది. అడ్డం అంతకంటే పైన ఉంటే బిడ్డ తెల్లగా పాలే కక్కుతాడు. ఆ చోటు దాటాక అడ్డం ఉంటే పైత్యరసం ముందుకు పోలేక వెనక్కి తంతుంది, వాంతి ఆకుపచ్చగా వస్తుంది. “పుట్టిన బిడ్డ ఆకుపచ్చగా కక్కితే పేగు మెలిక పడిందనే అనుకోవాలి. కాదని పరీక్షలో తేలేదాకా నేను అట్లనే అనుకుంట” అన్నారు.

తర్వాత మా ఫిల్మును ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా పట్టుకున్నారు. ఎక్స్‌రేలో గాలి నల్లగా కనిపిస్తుంది. పేగు మొదలు పూర్తిగా మూసుకుపోయి పుట్టిన బిడ్డకు రెండే నల్ల బుడగలు కనిపిస్తాయట. పెద్దది పొట్ట, పక్కన చిన్నది పేగు మొదలు. వాటి కింద గాలి జాడే ఉండదు. దాన్ని డబుల్ బబుల్ అంటారు. అడ్డం ఇంకా కిందికి ఉన్నకొద్దీ బుడగల వరసలు పెరుగుతాయి. మా బాబు ఫిల్ములో రెండూ కాదు. పొట్ట పెద్దగా ఉంది, కింద అక్కడక్కడ కొంచెం గాలి. పొద్దున డాక్టరుకు ధైర్యం ఇచ్చింది ఆ కొంచెం గాలే. ఈయన దానికే భయపడ్డారు. “దారి పూర్తిగా మూసుకోలేదని మాత్రమే దీని అర్థం. మెలిక ఉన్నా ఎక్స్‌రే ఇట్ల మామూలుగ కనబడొచ్చు. పేగుకు రక్తం ఆగితే గంటల్లోనే చచ్చుబడుతది. హైదరాబాద్‌ల నీలోఫర్ పిల్లల దవాఖానకు పోవాలె, ఇప్పుడే.”

108లో నాతో పాటు ఒక సిస్టర్ వచ్చింది. బిడ్డ చల్లబడకూడదని నా చీర కొంగులో గుండెకు ఆనించి కట్టింది. జడ్చర్ల, షాద్‌నగర్ ఎప్పుడు దాటామో తెలియదు. నా కళ్ళన్నీ ఆమె చేతిలోని సిరంజి మీదే. లాగినప్పుడల్లా అదే రంగు.

హైదరాబాద్‌లో ముందు చేసింది పొట్ట స్కానింగ్. రక్తం పారే తీరును రంగుల్లో చూపించే డాప్లర్‌తో పేగుకు వెళ్ళే రక్తనాళాలను చూశారు. అక్కడ ధమని ఒకటి, సిర ఒకటి పక్కపక్కన ఉంటాయి. మామూలుగా సిర ధమనికి కుడిపక్కన ఉండాలి. మా వాడికి తారుమారైంది. అంతేకాదు, తెర మీద ఎరుపూ నీలమూ కలిసి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి. స్కానింగ్ చేస్తున్న మేడం ప్రోబును మెల్లగా కిందికి జరుపుతుంటే రంగులు గడియారం ముల్లు దిక్కుకే తిరిగాయి. “సుడి కనిపిస్తోంది” అన్నారు పక్కనున్న వాళ్ళతో. నాకు కృష్ణ పుష్కరాలప్పుడు బీచుపల్లిలో చూసిన నీళ్ళ సుడి గుర్తొచ్చి కాళ్ళు చల్లబడ్డాయి.

బాబు నిలకడగా ఉన్నాడు కాబట్టి సర్జన్ గారు ఇంకొక పరీక్ష చేయించారు. ముక్కు గొట్టంలోంచి కొంచెం మందు పంపి, అది పోయే దారిని ఎక్స్‌రే తెర మీద చూశారు. పొట్ట దాటిన మందు వెన్నెముకను దాటి ఎడమవైపు పోయి, పైకి ఎక్కి, అక్కణ్ణుంచి పేగులోకి దిగాలట. మా వాడిది ఎడమవైపు రానే లేదు. కుడిపక్కనే వడ్రంగి బర్మాలాగా మెలికలు మెలికలుగా కిందికి జారింది. ఆ బొమ్మకు ఎవరూ వివరణ ఇవ్వక్కర్లేకపోయింది.

తమ్ముడు ఫోన్లో ఒప్పుకున్నాక సంతకాలు పెట్టాం. పెట్టేముందు నేను ఒక మాట అడిగాను, ఎందుకంటే నర్సింగ్ హోమ్‌లో ఉన్న మరదలిని చుట్టాలు అప్పుడే అనడం మొదలుపెట్టారు, గ్రహణం రోజు బయటికి వచ్చిందని. సర్జన్ గారు కాగితం వెనక బొమ్మ గీశారు. తల్లి కడుపులో పదో వారం ప్రాంతంలో బిడ్డ పేగులు బొడ్డుతాడులోంచి కడుపులోకి తిరిగి వస్తాయి. ఆ క్రమంలో మొత్తం ముప్పావు చుట్టు తిరిగి, వాటి మొదలు వెడల్పుగా వెనక గోడకు అతుక్కుంటుంది. ఈ బిడ్డకు ఆ తిరుగుడు మధ్యలో ఆగింది. కడుపులో బిడ్డ అవయవాలు చూడడానికి అందరికీ చేయించే టిఫా స్కాన్‌లో ఇది సాధారణంగా కనబడదు. తల్లి తిన్నదానివల్లో తిరిగినదానివల్లో వచ్చేది కాదు. నాకైతే పరికిణీ కళ్ళ ముందు మెదిలింది. కుచ్చులను నడుంపట్టీ పొడవునా కుడితే నిలకడగా ఉంటాయి. అన్నీ ఒక్కచోట గుచ్చి వేలాడదీస్తే గుడ్డ తన చుట్టూ తానే తిరిగిపోదూ? ఆ కాగితాన్ని ఫోటో తీసి, ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద మా మరదలి తప్పు ఏమీ లేదని రాశాను.

ఆపరేషన్ రెండు గంటలు పట్టింది. పేగు నల్ల నేరేడు రంగులో ఉందట. మెలిక విప్పి, వెచ్చటి తడి గుడ్డలు కప్పి ఆగి చూస్తే మెల్లగా గులాబీ రంగు తిరిగింది. కోయాల్సిన అవసరం రాలేదు. పేగు మొదలును నొక్కుతున్న పట్టీలను కోసి, మొదలు వెడల్పు చేసి, చిన్నపేగును కుడికీ పెద్దపేగును ఎడమకూ సర్దారు. అపెండిక్స్ తీసేశారు, లేకపోతే అది ఎడమపక్క ఉండిపోయి రేపు నొప్పి వస్తే డాక్టర్లు పొరబడతారని. డిశ్చార్జి కాగితంలో లాడ్స్ ప్రొసీజర్ అని రాసుంది. 1936లో బోస్టన్ సర్జన్ విలియం లాడ్ వివరించిన పద్ధతి అని అక్కడి చిన్న డాక్టరమ్మ చెప్పింది. ఇన్నేళ్ళ తర్వాత అది మా పాలమూరి పిల్లాడి దాకా వచ్చింది. ఆయనకు దండం పెట్టుకున్నాను.

నాలుగో రోజుకు మరదలు కుట్లతోనే వచ్చి చేరింది. పాలు పిండి పెట్టుకుంటూ కూర్చునేది. ముక్కు గొట్టానికి కట్టిన సంచిలోకి వచ్చే రంగు తేలికపడేదాకా పాలు ఇవ్వొద్దన్నారు. ఇద్దరం ఆ సంచినే చూస్తూ ఉండేవాళ్ళం. గోరింటాకు నీళ్ళ రంగు లేత అరటాకు రంగైంది, తర్వాత నీళ్ళలా తేటబడింది. అప్పుడు ఐదు మిల్లీలీటర్ల తల్లిపాలు.

ఇంటికి వచ్చిన వారానికి, ఒక సాయంత్రం మరదలు తేన్పు తీస్తుంటే బాబు భుజం మీద కక్కాడు. ఆమె చెయ్యి అట్లాగే ఆగిపోయింది. నేను మిషన్ మీంచి లేచి గుడ్డతో తుడిచి కిటికీ దగ్గరికి పరుగెత్తాను. విరిగిన పాలు. తెల్లగా ఉన్నాయి.