ఐసీయూ సెడేషన్‌లో ఫెంటనిల్, రెమిఫెంటనిల్: నార్సెట్‌కి నేను చదివిన తీరు

నార్సెట్‌కైనా (ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల ఎగ్జామ్) మన తెలంగాణ స్టాఫ్ నర్స్ ఎగ్జామ్‌కైనా చదివేటోళ్లకు ఒక్క ముచ్చట చెప్తా. ఫెంటనిల్, రెమిఫెంటనిల్ అసొంటి షార్ట్ యాక్టింగ్ ఓపియాయిడ్స్ (మార్ఫిన్ జాతి నొప్పి మందులు) హాఫ్ లైఫ్ నంబర్లు, అంటే మందు సగమయ్యే టైమ్‌లు, బట్టీ పట్టి కూసోకండి, మందు ఒంట్లకెంచి ఎట్ల పోతదో పట్టుకోండి, సగం బిట్లు అక్కన్నే వస్తయి. నేను నల్లగొండల ఐసీయూ డ్యూటీ చేసుకుంటనే చదివిన, నైట్ దిగినంక క్లాక్ టవర్ కాడ చాయ్ తాగి రూమ్‌కి పోయి రాత్రి ఎక్కించిన మందులే పుస్తకంల తీసి చూసేది.

ఫెంటనిల్ మార్ఫిన్ కంటే సుమారు 100 రెట్లు పవర్. ఒక్క బోలస్, అంటే ఒకేసారి నరంలకు డోసు, ఇస్తే తొందరగ దిగిపోతది, ఎందుకంటే రక్తంలకెంచి కండల్లకు, కొవ్వుల్లకు సర్దుకుంటది. అదే ఇన్ఫ్యూజన్, అంటే పంప్ మీద ఆగకుండ ఎక్కించుడు, గంటలకొద్ది నడిస్తే అవి నిండుతయి, పంప్ బంద్ చేసినా మందు మళ్ల రక్తంలకు వస్తనే ఉంటది, పేషెంట్ ఎంతకీ లేవడు. పంప్ బంద్ చేసినంక రక్తంల మందు సగానికి దిగనీకి పట్టే టైమ్‌నే కాంటెక్స్ట్ సెన్సిటివ్ హాఫ్ టైమ్ అంటరు, ఫెంటనిల్‌కి ఇన్ఫ్యూజన్ ఎంతసేపు నడిస్తే అది అంత పెరుగుతది. రెమిఫెంటనిల్‌కి ఆ బాధ లేదు, రక్తంల, టిష్యూల ఉండే నాన్ స్పెసిఫిక్ ఎస్టరేజ్‌లు అనే ఎంజైమ్‌లే దాన్ని విరగ్గొడ్తయి, ఎంతసేపు నడిపినా ఆ హాఫ్ టైమ్ 3-4 నిమిషాలే. సూడోకోలినెస్టరేజ్ అని వేరే ఎంజైమ్ ఆప్షన్ ఇస్తే అటు పోకండి.

కానీ గంత జల్ది దిగుడే దాని ముప్పు కూడ. బంద్ చెయ్యంగనే నొప్పి ఒక్కసారి మీద పడ్తది, అందుకే ముందే వేరే పెయిన్ కిల్లర్ అందుకునేటట్టు చూడాలె. ఆ మందు ఎక్కిన ఐవీ లైన్‌ని ఊర్కె ఫ్లష్ చెయ్యొద్దు, లోపల మిగిలిన మందు బోలస్ లెక్క పోయి శ్వాస ఆగొచ్చు, పల్స్ పడిపోవచ్చు.

ఐసీయూ పేషెంట్ల నొప్పి, సెడేషన్ మీద వచ్చిన 2018 పాడిస్ గైడ్‌లైన్స్ చెప్పేది ముందు నొప్పి తీయాలె, ఆ తర్వాతనే సెడేషన్ (మత్తు) అని, అదీ లైట్‌గ. స్కోర్లు బెడ్ కాడ్నే నేర్వండి. వెంటిలేటర్ మీద దేవరకొండ దిక్కు అవ్వ ఒకామె ఉండె, "అవ్వా, కండ్లు తెరువు" అని పిలిస్తే తెరిచి నా మొఖం దిక్కు చూసింది, 10 సెకన్లు దాటినా చూపు తిప్పలే, అంటే మత్తు ఎంతుందో కొలిచే రాస్ స్కోరు మైనస్ 1. అంతకంటే ముందే కండ్లు మూస్తే మైనస్ 2. నోటితో చెప్పలేని పేషెంట్‌కి నొప్పి కొలిచే స్కోర్లు రెండు, సీపాట్ 0 నుంచి 8, బీపీఎస్ 3 నుంచి 12, బీపీఎస్‌కి సున్నా ఉండదని యాదుంచుకోండి.

ఇంకోటి, ఓపియాయిడ్ ఒక్కటే నడుస్తుంటే మెమరీ పోతదని గ్యారంటీ లేదు. పారలైజింగ్ మందు (కండలు కదలకుండ చేసేది) ఇచ్చిన పేషెంట్‌కి సెడేటివ్, అంటే మత్తు మందు, తప్పకుండ ఉండాలె, లేకపోతే కదలలేక, చెప్పుకోలేక అన్నీ తెలుసుకుంటనే పడుంటడు. ఈ పాయింట్ మార్కుల కోసం కాకున్నా చదవండి.