‘నన్’ అని కనబడే డిస్కులన్నీ ఖాళీవి కావు

ఏఐఎక్స్ (ఐబీఎం వారి యునిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) సర్వరుకు కొత్త టెక్నాలజీ లెవెల్ (పెద్ద అప్‌డేట్) వేసే ముందు రూట్‌వీజీని, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ ఉండే వాల్యూమ్ గ్రూపును (కలిపి వాడే డిస్కుల గుంపును), మరో డిస్కులోకి క్లోన్ చేసుకోవడం మా టీములో తప్పనిసరి. ఆల్ట్_డిస్క్_కాపీ అనే కమాండు ఒక్కటి చాలు, పని అయిపోతుంది. కానీ దాన్ని ఏ డిస్కు మీద నడపాలో తేల్చడానికి నేను తీసుకునే సమయం చూసి కుర్రవాళ్లు విసుక్కుంటారు. “అన్నా, ఎల్‌ఎస్‌పీవీలో హెచ్‌డిస్క్4 ఎదురుగా నన్ అని ఉంది కదా, ఇంకా ఏమి చూడాలి?” అని మొన్న ఒకబ్బాయి అడిగాడు.

చూడాల్సింది చాలా ఉంది. ఎల్‌ఎస్‌పీవీ అనేది డిస్కుల జాబితా చూపే కమాండు. నన్ అంటే ఆ డిస్కు ఈ సర్వరు ఓడీఎంకు (సర్వరు తన పరికరాల వివరాలు దాచుకునే డేటాబేసుకు) తెలిసిన ఏ వాల్యూమ్ గ్రూపులోనూ లేదని, అంతే. ఒరాకిల్ డేటాబేసు డిస్కులను నిర్వహించే ఏఎస్‌ఎం, ఎల్‌వీఎంతో (ఏఐఎక్స్ వాల్యూమ్ గ్రూపుల వ్యవస్థతో) నిమిత్తం లేకుండా నేరుగా ముడి డిస్కు మీదే రాస్తుంది కనుక దాని డిస్కులూ అలాగే కనబడతాయి. క్లస్టరులో (డిస్కులు పంచుకునే సర్వర్ల గుంపులో) పక్క నోడు, అంటే పక్క సర్వరు, వాడుతున్న డిస్కును ఇక్కడ ఇంపోర్టు చేయకపోతే అదీ నన్నే. కిందటిసారి తీసిన క్లోనును ఆల్ట్_రూట్‌వీజీ_ఆప్ హైఫన్ ఎక్స్‌తో ఓడీఎం నుంచి తీసేశారనుకోండి, బూటయ్యే సిస్టమ్ మొత్తం లోపల ఉన్నా పైకి నన్నే.

అందుకే ముందు హెడరు, అంటే డిస్కు మొదట్లో ఉండే గుర్తింపు సమాచారం, చదువుతాను. ఎల్‌క్వెరీపీవీకి హైఫన్ హెచ్ ఇస్తే డిస్కు మొదటి భాగం హెక్సులో వస్తుంది. కుడివైపున ఓఆర్‌సీఎల్‌డిస్క్ అనే అక్షరాలు కనబడితే అది ఏఎస్‌ఎం డిస్కు, దాని జోలికి వెళ్లను. పక్క నోడు రిజర్వు చేసి పట్టుకుని ఉంటే అసలు చదవనివ్వదు, అదీ ఒక జవాబే. వాల్యూమ్ గ్రూపు ఆనవాళ్లకు రీడ్‌వీజీడీఏ ఉంది. ఇవేమీ చూడకుండా, పీవీఐడీ (డిస్కుకు ఏఐఎక్స్ ఇచ్చే గుర్తింపు సంఖ్య) లేదు కదా అని సీహెచ్‌డెవ్ కమాండుతో పెట్టేసేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పీవీఐడీ రాసేది డిస్కు మొదట్లోనే, ఏఎస్‌ఎం హెడరు ఉండేదీ అక్కడే. దాన్ని చెరిపేశాక డీబీఏకు (డేటాబేసు చూసుకునేవారికి) ఏమి చెబుతారు?

రిజర్వ్ పాలసీ (డిస్కును ఒక్కరే పట్టుకుని ఉంచుతారా లేదా అన్న సెట్టింగు) కూడా ఎల్‌ఎస్‌యాటర్‌లో చూస్తాను. నో_రిజర్వ్ అని ఉంటే పంచుకునే డిస్కు కావచ్చు. కొన్ని డ్రైవర్లలో అది మామూలు విలువే కాబట్టి అనుమానం వరకే, తీర్పు కాదు.

స్టోరేజీ వాళ్లు “అరవై జీబీ డిస్కు ఇచ్చాం, చూసుకోండి” అంటే ఒప్పుకోను. లన్ (స్టోరేజీ నుంచి ఇచ్చిన డిస్కు) యూఐడీ, అంటే దాని ప్రత్యేక గుర్తింపు సంఖ్య, పంపమంటాను. ఎల్‌ఎస్‌పీవీకి హైఫన్ యూ ఇస్తే వచ్చే ఐడీలో ఆ అంకెలు ఉన్నాయా అని సరిచూస్తాను. హెచ్‌డిస్క్ నంబరును నమ్మడానికి లేదు. ఇక్కడ 4గా ఉన్న లన్ పక్క నోడులో 9 కావచ్చు.

పరిమాణం దగ్గర మరో పొరపాటు జరుగుతుంటుంది. డీఎఫ్ (ఫైళ్లు ఎంత చోటు తీసుకున్నాయో చూపే కమాండు) చూసి ముప్పై జీబీయే వాడుతున్నామని చిన్న డిస్కు అడుగుతారు. క్లోనులో లాజికల్ వాల్యూములు (వాల్యూమ్ గ్రూపులోని భాగాలు) వాటి పూర్తి పరిమాణంతో తయారవుతాయి. కాబట్టి ఎల్‌ఎస్‌వీజీలో వాడిన పీపీల (డిస్కును విభజించిన సమాన ముక్కల) లెక్క చూడాలి. పీపీ 128 ఎంబీ, వాడినవి 420 అయితే 53,760 ఎంబీ కావాలి. బూట్‌ఇన్ఫో హైఫన్ ఎస్ 61440 ఎంబీ చూపిస్తే అది అరవై జీబీ డిస్కు, సరిపోతుంది. రూట్‌వీజీ మిర్రరు అయి ఉంటే, అంటే ఒకే డేటా రెండు ప్రతులుగా ఉంటే, పీపీలు రెండింతలు కనబడతాయి, కంగారు పడనక్కర్లేదు. ఎల్‌ఎస్‌పాత్‌లో డిస్కుకు వెళ్లే దారులన్నీ ఎనేబుల్డ్‌గా ఉన్నాయో లేదో కూడా చూసుకోవాలి.

ఇవన్నీ అయ్యాకే కాపీ, అదీ హైఫన్ బీతో. లేకపోతే బూట్‌లిస్టు (ఏ డిస్కు నుంచి బూటవ్వాలో చెప్పే జాబితా) క్లోను వైపు మారిపోతుంది. కాపీ పూర్తయ్యాక ఎల్‌ఎస్‌పీవీలో ఆ డిస్కు ఎదురుగా ఆల్ట్‌ఇన్‌స్ట్_రూట్‌వీజీ అని వస్తుంది. కొత్త లెవెల్‌తో అప్లికేషన్లన్నీ సరిగా నడుస్తున్నాయని తేలేదాకా ఆ పేరును నేను తీయను, ఎవరినీ తీయనివ్వను.