రంగు వేయని ఎలుగుబంటి

నాన్న పుట్టి పెరిగింది కొండపల్లిలో. అందుకే ఆయన అట్లాంటా వచ్చినప్పుడు మూడు గంటలు కారు నడిపి నార్త్ కరోలినాలో చెరోకీ అనే అమెరికా ఆదివాసీ తెగవాళ్లు ఉండే, ఆ పేరే ఉన్న ఊరికి తీసుకెళ్లాను. స్మోకీ కొండలు చూద్దామని చెప్పానే గానీ, నేను చూపించాలనుకున్నది అక్కడి కొయ్యపని.

ఊళ్లో బోర్డుల మీద ఇంగ్లీషుతో పాటు చెరోకీ లిపి కూడా ఉంది. 1821 నాటికి సెక్వోయా అనే చెరోకీ ఆయన తయారుచేసిన లిపి అది. "మన గుణింతం లాంటిదా?" అన్నారు నాన్న. కాదు, అక్కడ క, కి, కు మూడూ పోలికే లేని మూడు అక్షరాలు. "పాపం పిల్లలు" అన్నారు.

1952లో తెరిచిన ఓకొనలఫ్టీ ఇండియన్ విలేజ్‌లో 18వ శతాబ్దపు చెరోకీ ఊరిని కళ్లకు కట్టారు. ఒకచోట పెద్ద పాప్లర్ దుంగను పడవగా తొలుస్తున్నారు. నిప్పు పెట్టి కాల్చడం, బొగ్గైనంత మేర గీకేయడం, మళ్లీ కాల్చడం. ఇంకోచోట వెదురు లాంటి రివర్‌కేన్ బద్దలతో బుట్టలు. వాటికి నలుపు రంగు వాల్‌నట్ అనే చెట్టు నుంచి, ఎరుపు బ్లడ్‌రూట్ అనే మొక్క వేరు నుంచి.

నాన్న మాత్రం కొయ్య చెక్కే పెద్దాయన దగ్గర ఆగిపోయారు. చేతిలో బక్‌ఐ అనే చెట్టు చెక్క, దాంతో చెక్కుతున్నది బూగర్ అనే నాట్యానికి కట్టుకునే ముఖం. పెద్ద ముక్కు, వంకర నోరు. ఊరి మీదికి వచ్చిపడే పరాయివాళ్లను వెక్కిరించే నాట్యమట అది. తెల్లవాళ్లకూ అందులో వాటా ఉంది!

నాన్న ప్రశ్నలు, నా అనువాదం. మా కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి చెక్క కూడా ఇంత తేలికే అన్నారు. కానీ మేం కాళ్లూ చేతులూ విడిగా చేసి, చింతగింజల మక్కుతో అతికించి, ఒళ్లంతా రంగు వేస్తాం, మరి మీరో? పెద్దాయన పక్కనున్న ఎలుగుబంటి బొమ్మను తిప్పి చూపించారు. ఒకటే ముక్క. రంగు లేదు. చెక్కలోని చారలే వీపు మీద బొచ్చులా వంపు తిరిగాయి. నాన్న దాన్ని నిమురుతూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత క్వాలా ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్‌కి వెళ్లాం. 1946లో కళాకారులే పెట్టుకున్న సహకార సంఘం అది. ఈ ఎలుగుబంట్లకు పేరు తెచ్చిన అమాండా క్రో దశాబ్దాల పాటు ఇక్కడి హైస్కూల్లో చెక్కడం నేర్పారు.

అరచేతిలో పట్టే ఎలుగుబంటి ధర చూసి నాన్న ఉలిక్కిపడ్డారు. "ఈ డబ్బుకి మా ఊళ్లో దశావతారాల సెట్టే వస్తుంది." నేను కారు తీసుకొచ్చేసరికి బిల్లు కట్టేసి, కాగితంలో చుట్టిన బొమ్మను చంకలో పెట్టుకుని నిలబడ్డారు.