అన్నా, జర ఆపు

దుబాయిల మాది సెంట్రింగ్, కాంక్రీటు పని. నేను ఫోర్‌మన్. నా గ్యాంగుల కోస్గి, మక్తల్ దిక్కు పిలగాండ్లు కొందరు, బీహారీలు, నేపాలీలు, పఠాన్లు ఉన్నరు. పొద్దంతా నడిచేది హిందీ. పాలమూరోళ్లకు ఊర్లనే సగం వచ్చి ఉంటది కాబట్టి దాంతోటి ఇబ్బంది లేదు.

మా జిల్లా మనిషికి మేస్త్రీ అంటే ఏందో చెప్పాల్సిన పని లేదు. కూలోళ్లను దూరం పనులకు తోలుకపోయే గుంపు మేస్త్రీ అడ్వాన్సు చేతుల పెట్టి లారీ ఎక్కిస్తుండె. 1955ల పునాది పడ్డ నాగార్జునసాగర్‌ల మా తాత రాళ్లు మోసిండు. "అడ్వాన్సు తీసుకున్నంక ఏది తప్పనిపించినా నోరు మూసుకొని ఉండుడే బిడ్డా" అంటుండె. నా గ్యాంగుల మాత్రం ఎవ్వడు నోరు మూసుకొని ఉండొద్దు. మనిషి మీద ప్రేమతోటే కాదు, స్లాబ్ నిలబడాలన్నా నోరు తెరిచి చెప్పుడే కావాలె.

ఎండాకాలం స్లాబ్ రాత్రిపూటే పోస్తం. ప్లాంటుల నీళ్లతో పాటు ఐసు వేసి కలుపుతరు. అట్లయినా మా సైటుల కాంక్రీటు 32 డిగ్రీలు దాటితే ఆ లోడు వాపసే. పోయినేడు అట్లాంటి ఒక రాత్రి, పంపు జోరుగ నడుస్తున్నది, గేటు దాకా మిక్సర్లు వరసగ నిలబడ్డయి. కింది ఫ్లోరుల జాకీలు, అంటే స్లాబ్‌ను మోసే ఇనుప ఆసరాలు, చూసే పని ఒక మక్తల్ పిలగానిది. వచ్చి నెల కూడ కాలె. మెట్లెక్కి ఉరికొచ్చి నా చెయ్యి పట్టుకున్నడు.

"అన్నా, జర ఆపు. మూలకున్న జాకీ కింద చెక్క పగుల్తున్నది."

పంపు ఆపరేటర్‌కు చెయ్యి లేపిన. మిక్సర్ల కాంక్రీటు ఎక్కువసేపు ఆగితే పనికి రాదని ఇంజినీర్ సారు గరమైండు, ఆయన బాధ కూడ నిజమే. ముందు ఆ మూలకున్నోళ్లందరిని పక్కకు జరిపినం. చూస్తే బీము కింది జాకీ అడుగున పెట్టిన చెక్క నిలువునా చీలింది, జాకీ వాలుడు మొదలైంది. పక్కపొంటి వేరే జాకీలు బిగించి, లెవెల్ చూసినంకనే మళ్ల పోత మొదలువెట్టినం. పచ్చి కాంక్రీటు క్యూబిక్ మీటరు దాదాపు 2,400 కిలోలు ఉంటది. ఆ మూల కూలితే కింద ఉండేది ఆ పిలగాడే.

వాడు ధైర్యవంతుడని అందరు మెచ్చుకున్నరు. ధైర్యం ఉన్నది, కాని నెల రోజుల కొత్తోడు ఊకెనే వచ్చి పంపు ఆపమనడు. పొద్దున పని మొదలువెట్టే ముందు టూల్‌బాక్స్ టాక్ అని, జాగ్రత్తల మీద చిన్న మీటింగు ఉంటది. చానా సైట్లల్ల ఫోర్‌మన్ కాగితం చదువుతడు, అందరు సంతకం పెడ్తరు, అయిపోతది. నేను కాగితం కన్న ముందు కొత్తోన్ని అడుగుత, నిన్న నీకు ఏం తేడా కనవడ్డదని. మొదట్ల "ఏం లేదు సార్" అంటడు. మర్నాడు కూడ గదే. కొన్నొద్దులకు నిచ్చెన ఊగుతున్నదనో, తాగే నీళ్లు దూరమున్నయనో ఒక మాట బయటికొస్తది. ఆ పొద్దు మునిగే లోపల ఆ నిచ్చెన మారాలె. మారకపోతే వాడు ఇంకోసారి చెప్పడు, వాన్ని చూసి పక్కోడు కూడ చెప్పడు.

ఇంకోటి ఓటీ (ఓవర్‌టైం) లెక్క. ఇక్కడి చట్టం ప్రకారం ఓటీ గంటకు 25 శాతం ఎక్కువ రావాలె, రాత్రి 10 నుంచి పొద్దున 4 నడుమ చేస్తే 50 శాతం. టైంషీటు మీద సంతకం నాదే. ఏ రోజు గంటలు ఆ రోజే వాళ్ల ముందట రాసి, ఫోన్ల ఫోటో తీసి పెట్టుకొమ్మంట. అర్ధగంట, గంట కోసి ఆఫీసుల మంచి పేరు తెచ్చుకునే ఫోర్‌మన్లు ఉన్నరు. అసుంటోని గ్యాంగుల చెక్క పగిలినా ఎవడు పైకి ఉరికిరాడు.

ఇంత చేసినా కొందరు చెప్పరు. ఏజెంటు బాకీ తీర్చాల్సినోడు, ఒంట్లె బాగలేదంటే ఇంటికి తోలుతరని భయపడ్తడు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఎండల పని బంద్ ఉంటది. కాని వడదెబ్బ పన్నెండున్నర దాకా ఆగుతదా? పాలమూరు ఎండ చూసినోనికి ఇది ఒక లెక్కనా అనుకొని వస్తరు మనోళ్లు. సముద్రం పక్కపొంటి ఉక్కకు చెమట ఆరదు, ఒళ్లు చల్లవడదు. ఒళ్లు అలవాటు పడేటందుకు ఒకటి రెండు వారాలు పడ్తది. అందుకే దిగినోనికి మొదటి వారం బరువు పని ఇయ్య. పాతోన్ని జోడీ చేస్త. వాడు నీళ్లు తాగుతున్నడా, మాట తడబడుతున్నడా అని జోడీదారు కనిపెట్టుకొని ఉండాలె. కండ్లు తిరుగుతున్నయంటే నీడకు పంపి నర్సుకు చూపిస్త, ఆ పూట హాజరు కొయ్య. ఆ సంగతి వాడు దిగిన మొదటి రోజే, క్యాంపు రూముల అందరి ముందట చెప్త.