తండ్రిది ఏ ఊరు, తల్లిది ఏ ఊరు

డబ్లిన్‌లో నేను నర్సుగా చేరిన వృద్ధాశ్రమంలో వేసవి ఆదివారాల డ్యూటీ అంటే అందరూ తప్పించుకునేవారు. నేను అడిగి మరీ వేయించుకునేదాన్ని. ఆదివారం జీతం కాస్త ఎక్కువన్నది ఒక కారణం. రెండోది రేడియో.

కెర్రీ కౌంటీ (మన జిల్లా లాంటిది) పెద్దాయన ఒకరు అక్కడ ఉండేవారు. మ్యాచ్ ఉన్న రోజు టీవీ పెట్టి, దాని శబ్దం పూర్తిగా తగ్గించి, పక్కన రేడియో పెంచేవారు. బొమ్మ టీవీది, మాట రేడియో వ్యాఖ్యాత మీహాల్ ఓ ముర్హర్తిది. మొదటి సగం ముగిసేదాకా, అంటే 35 నిమిషాలు, మందుల బండి గుమ్మం దగ్గరే ఆగాలి. తొందరపడి మాత్ర అందిస్తే చెయ్యి అడ్డం పెట్టేవారు.

ఓ ముర్హర్తిదీ కెర్రీయే, డింగిల్ దగ్గర పల్లె. డబ్లిన్‌లో ఉపాధ్యాయ శిక్షణలో ఉండగా, రేడియో వాళ్లు వ్యాఖ్యాతల కోసం అక్కడి పెద్ద ఆటల మైదానం క్రోక్ పార్క్‌లో పరీక్ష పెట్టారు. ఆరోజు జరుగుతున్నది హర్లింగ్, కర్రలతో చిన్న బంతిని కొట్టే ఆట. ఆయన అప్పటిదాకా ఆ ఆట చూడనే లేదట! మైదానంలో తెలిసినవాడు ఒక్క గోల్‌కీపరే. ఇంకేం, అసలు ఆటలో బంతి ఎక్కడున్నా, తన మాటల్లో మాత్రం దాన్ని ఆ గోల్‌కీపర్ చేతికే చేర్చారు. అవకాశం దక్కింది. 1949 మార్చి 17న, సెయింట్ పాట్రిక్ పండుగ నాడు, ఐరిష్ భాషలో తొలి వ్యాఖ్యానం చేశారు. ఆ తర్వాత చాలా ఏళ్లు బడిలో పాఠాలు చెబుతూనే మైకు పట్టారు. విరమించింది 2010లో, ఎనభయ్యో ఏట.

గేలిక్ ఆటల్లో, అంటే హర్లింగ్ లాంటి ఐర్లండ్ సొంత ఆటల్లో, జీతాలు లేవు. ఆదివారం వేలమంది ముందు కౌంటీకి ఆడినవాడు సోమవారం బడికో పొలానికో వెళ్లాల్సిందే. అందుకే ఆయన వ్యాఖ్యానంలో ఆటగాడితో పాటు వాడి తండ్రి, మేనమామ, ఊరు, వృత్తి అన్నీ వచ్చేసేవి. కొత్తలో బంతి ఎటు పోయిందో నాకు తెలిసేది కాదు, చుట్టరికాలు మాత్రం చక్కగా తెలిసేవి. కార్క్ జట్టు ఆటగాడు షాన్ ఓగ్ ఓ హాల్పీన్ గురించి ఆయన అన్న మాట దేశమంతా చెప్పుకుంటుంది: తండ్రిది ఫెర్మానా, తల్లిది ఫిజీ, రెండూ హర్లింగ్‌కు పేరున్న చోట్లు కావు. ఫిజీలో పుట్టిన ఆ కుర్రాడే 2005లో కార్క్ కెప్టెన్‌గా ఆల్ ఐర్లండ్ కప్పు ఎత్తి, ఐరిష్‌లో ప్రసంగించాడు.

పెద్దాయన ఒకరోజు నా కులగోత్రాలు మొదలుపెట్టారు. నాన్న గుంటూరు మిర్చి యార్డులో గుమస్తా, అమ్మది బాపట్ల అని చెప్పాను. ఆ పేర్లు నాలుగైదుసార్లు పలికించుకున్నారు. తర్వాతి ఆదివారం ఆయన్ను చూడడానికి కూతురు వస్తే, రేడియో గొంతు పెట్టి నన్ను పరిచయం చేశారు: "మందుల బండి దగ్గర మన నర్సు. తండ్రిది గుంటూరు, తల్లిది బాపట్ల. హర్లింగ్ సంగతి మాత్రం అడక్కు."