అలుకుగుడ్డ చేతికొచ్చిన రోజు

ఇవాళ ఆయో నా ముందు లోటా పెట్టలేదు.

నిన్న పని మీద దుమ్కా వెళ్ళి రాత్రికి అక్కడే ఉండిపోయాను. పొద్దున్నే మొదటి బస్సు దిగి, కోతలైపోయిన పొలాల గట్ల మీద నడిచి ఊరు చేరేసరికి మంచు ఇంకా విడలేదు. జార్ఖండ్‌లోని ఈ సంతాల్ ఆదివాసుల ఇళ్ళలో బయటినుంచి ఎవరొచ్చినా ముందు మంచం వాల్చి కూర్చోబెడతారు. ఇంటి ఆడమనిషి లోటా నిండా నీళ్ళు తెచ్చి ఎదురుగా పెట్టి, వంగి జోహార్ చెబుతుంది. పలకరింపులు ఆ తర్వాతే. మనం జోహార్లు అమరులకు చెబుతాం, ఊరేగింపుల్లో వింటాం. ఇక్కడ అది రోజూ మనిషికి మనిషి చెప్పుకునే మాట. ఈ మూడు వారాల్లో నేను సంతకి వెళ్ళొచ్చినా సరే, ఆయో లోటా పట్టుకొచ్చేది. ఆయో అంటే అమ్మ, నేనుంటున్న ఇంటావిడని అలాగే పిలుస్తాను. అంత పెద్దావిడ నా ముందు వంగుతుంటే నాకు ప్రాణం చివుక్కుమనేది. అతిథినీ చుట్టాన్నీ వీళ్ళు ఒకే మాటతో పిలుస్తారు, పెడా అని. నేను ఆ రెంటిలో ఏదో నాకెప్పుడూ తెలిసేది కాదు.

ఇవాళ నన్ను చూడగానే చేతిలో ఉన్న బురద గుడ్డ పైకెత్తి "దేలా" అంది. పద పద, అని.

సోహ్రాయ్ దగ్గర పడింది. ఈ సంతాల్ పరగణాల్లో ఆ పండగ మన సంక్రాంతి ముందు రోజుల్లో వస్తుంది. వడ్లు ఇంటికి చేరాయి. గడ్డితాడు చుట్టలు చుట్టి మా శ్రీకాకుళం వైపు పురి కట్టినట్టే కట్టి పెట్టారు. ఇక మిగిలింది గోడల పని. ఊరంతా ఒకటే పొడవాటి వీధి, దాన్ని కుల్హి అంటారు. వీధికి ఆ చివర నుంచి ఈ చివర దాకా ఆడవాళ్ళు గోడల ముందే ఉన్నారు.

అలకడం నాకు కొత్త కాదనుకున్నాను. చిన్నప్పుడు పండగ ముందు అమ్మమ్మ వెనకాల పేడనీళ్ళ తట్ట పట్టుకుని తిరిగినదాన్నే. కానీ మేం అలికింది నేల. నిలువు గోడ మీద మట్టి జారిపోకుండా నిలవాలంటే ఎంత పలచన చెయ్యాలో, ఎంత నొక్కాలో చేతికే తెలియాలి. ఎర్రమన్ను పైభాగానికి. అరుగుకీ గోడ అడుగున జానెడు పట్టీకీ నలుపు. గడ్డి కాల్చిన మసి పేడలో కలిపి ఆ నలుపు చేస్తారు. ఆయో చెయ్యి భుజం దగ్గర నుంచి అర్ధచంద్రంలా తిరుగుతుంది. ఒక చుట్టు ఆగినచోటే ఇంకో చుట్టు మొదలవుతుంది, అతుకు కనపడదు. నాది గీతలు గీతలుగా వచ్చింది. ఆవిడ ఏమీ అనకుండా నా మణికట్టు పట్టుకుని రెండుసార్లు తిప్పి వదిలేసింది.

పని చేస్తూ పండగ సంగతులు చెప్పింది. సగం అర్థమైంది, సగం మనవరాలు హిందీలో చెప్పింది. మొదటి రోజు ఊరి పూజారి నాయకే పొలంలో కోడిగుడ్డు పెడతాడట. పశువుల్ని అటు తోలతారు. ఏ ఆవు దాన్ని తొక్కితే, లేదా వాసన చూస్తే, దాని కాళ్ళు కడిగి కొమ్ములకు నూనె రాస్తారు. మా ఇంట్లో కనుమ నాడు నాన్న ఎడ్లకు స్నానం చేయించి కొమ్ములకు రంగులు వేసే సంగతి నేను చెప్పాను. ఆయోకి అది చాలా నచ్చింది. మీ ఎడ్ల పేర్లేమిటని అడిగింది. ఎడ్లు అమ్మేసి పన్నెండేళ్ళయిందని చెప్పడానికి నోరు రాలేదు. పేర్లు మాత్రం చెప్పాను.

మధ్యాహ్నం అన్నం. మనవరాలు మళ్ళీ నా ఉచ్చారణ సరిచేసింది. దాక్ అంటే నీళ్ళు, కానీ చివరి 'క్'ని గొంతులోనే ఆపేయాలి, బయటికి వదలకూడదు. వదిలి సాగదీస్తే దాకా అయిపోతుంది, అంటే వండిన అన్నం. మనకు దాక అంటే అన్నం వండే మట్టిపాత్ర అని చెబితే ఆ పిల్ల నవ్వి నవ్వి పొలమారింది. సంతాలీకి 1925లో రఘునాథ్ ముర్ము చేసిన ఓల్ చికి లిపి ఉంది. 2003లో చేసిన రాజ్యాంగ సవరణతో ఆ భాష ఎనిమిదో షెడ్యూల్లోకీ ఎక్కింది. అయినా ఈ పిల్ల బడికి వెళ్ళి చదివేది హిందీలోనే.

నార్వే నుంచి 1890 ప్రాంతంలో ఇక్కడికి వచ్చిన మిషనరీ బోడింగ్ నలభై ఏళ్ళకు పైగా ఉండి సంతాలీకి ఐదు సంపుటాల నిఘంటువు చేశాడు. ఆయన సంగతి తలుచుకుంటే నాకు గిడుగు రామమూర్తి గారు గుర్తొస్తారు. ఆయన పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకున్నారు. సవర, సంతాలీ ఒకే ముండా భాషా కుటుంబం. సీతంపేట సంతలో నా చిన్నతనమంతా సవర మాటలు విన్నాను, చింతపండు బేరమాడి కొన్నాను, ఒక్క మాట నేర్చుకోలేదు. ఇంత దూరం వచ్చి దాని చుట్టాన్ని నేర్చుకుంటున్నాను. ఈ బాధ నాలో చాలా రోజులుగా ఉంది, ఇవాళ రాస్తున్నాను.

బయటివాళ్ళని వీళ్ళు దికు అంటారు. ఊరికే పరాయివాడు అని కాదు. అప్పుల పేరుతో పొలాలు లాక్కున్న వడ్డీ వ్యాపారులు, జమీందారు మనుషులు, వాళ్ళందరి జ్ఞాపకం ఆ మాటలో ఉంది. 1855 జూన్ 30న భోగ్నాడీలో సంతాల్ తిరుగుబాటు నాయకులు సిద్ధూ, కాన్హూ పిలుపుకు వేలమంది కదిలింది వాళ్ళ మీదే. నన్ను ఎవరూ మొహం మీద దికు అనలేదు. అన్నా తప్పు పట్టలేను.

నేను కనిపెట్టుకుని ఉన్నది వేరే మాట. మన మేము, మనం లాగే సంతాలీలోనూ రెండున్నాయి: ఆలే అంటే మేము, ఆబో అంటే మనం. హిందీవాళ్ళకు ఇది చెప్పాలంటే తల ప్రాణం తోకకొస్తుంది, మనకు చెప్పక్కర్లేదు. మూడు వారాలుగా నాతో మాట్లాడినప్పుడల్లా ఈ ఇంట్లో నాకు వినపడింది ఆలే. మా ఇల్లు, మా పండగ, మా ఊరు. అందులో తప్పేముంది, నిజమే కదా. కానీ తెలుగు చెవి కనుక ప్రతిసారీ గుచ్చుకునేది.

ఎండ దిగేసరికి వీధి వైపు గోడ అయిపోయింది. కుల్హి చివర ఎవరో తమాక్ డోలు చర్మం బిగించి మోగించి చూస్తున్నారు. ఆయో నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, నడుం మీద చేతులు పెట్టుకుని గోడంతా చూసింది. నా గీతలు అక్కడక్కడా తెలుస్తూనే ఉన్నాయి. పక్కింటావిడ అటు వెళుతూ ఏదో అడిగితే జవాబు చెబుతూ నా వైపు తిరిగింది. మిగతా మాటలు పట్టుకోలేకపోయాను కానీ ఒకటి స్పష్టంగా వినపడింది. ఆలాంగ్.

నువ్వూ నేనూ, మనిద్దరం. సంతాలీలో దానికి వేరే మాట ఉంది.

రేపు వెనక గోడ. మట్టి ఇప్పుడే నానబెట్టాం.